చుక్కాని ఇవ్వని తోడల్లుడు

మా తోడల్లుడు పోయారు. మార్కమ్ ఆఫీసు నుంచి మిస్సిసాగాలో ఇంటికి వస్తూ 401 హైవే మీద ట్రాఫిక్‌లో ఇరుక్కుని ఉంటే మా ఆవిడ ఫోన్ చేసి, "ఏమండీ, బావగారు పోయారు" అంది. పడవలోనేనట. మధ్యాహ్నం భోంచేసి, కిటికీ పక్కన బెంచీ మీద కునుకు తీస్తూ అలాగే వెళ్ళిపోయారట. ఏడుపుకంటే ముందు నాకొచ్చిన ఆలోచన దాచిపెడితే ఈ నాలుగు ముక్కలూ రాసి లాభం లేదు. 'చూశావా, పోవడం కూడా ఎంత దర్జాగా పోయాడో మహానుభావుడు!' అనుకున్నాను. నేనేమో బ్రేకు మీద కాలు పెట్టుకుని లారీల మధ్య కూర్చుని ఉన్నాను. కాసేపటికి ముందున్న కారు మసకబారింది. దొరికిన ఎగ్జిట్ తీసుకుని, ఏదో కాఫీ షాపు ముందు ఆపుకుని ఏడ్చాను.

మా ఆవిడ అక్క భర్త ఆయన. నన్ను 'తమ్ముడూ' అనేవారు, నేను 'అన్నయ్యగారూ' అనేవాణ్ణి. తోడల్లుళ్ళ మధ్య ఏముంటుందో పెళ్ళయిన మగవాళ్ళకి నేను చెప్పనక్కర్లేదు. అత్తవారింట్లో ఒక అల్లుణ్ణి పొగిడారంటే రెండోవాడికి అన్నం సయించదు. పైగా ఆయనది గోదావరి డెల్టా, ఇంటి ముందే కాలవ, నడిచి వెళ్తే పడవల్ని ఎక్కించి దించే లాకులు. మాది అనంతపురం వైపు. మా నాయన జీవితమంతా బోర్లు వేయించడంతోనే సరిపోయింది. నీళ్ళ దగ్గర మొదలైన కుళ్ళు నాది, అది నీళ్ళ మీదే ముదిరింది.

హామిల్టన్‌లో ఉక్కు ఫ్యాక్టరీలో పనిచేసి ఆయన రిటైరయ్యారు. మా వదినగారు, అంటే ఆయన భార్య, ఆ ఊళ్ళోనే నర్సుగా చేసి మానేశారు. ఇద్దరూ ఏదైనా కాండో ఫ్లాటు కొనుక్కుంటారని మేమనుకుంటే పడవ కొన్నారు! ఇంగ్లండ్ కాలవల కోసం చేసిన సన్నటి, పొడుగాటి ఇనుప పడవ. దాన్ని ఎవరో మోజుపడి ఓడలో ఒంటారియో దాకా తెప్పించుకున్నారు. ఆ మోజు తీరిపోయాక ఈయన చేతికొచ్చింది. లోపల నిలబడి చేతులు చాపితే రెండు గోడలూ తగులుతాయి. అందులోనే వంటిల్లు, మంచం, కట్టెల పొయ్యి. మే నుంచి అక్టోబరు దాకా కాలవ మీదే కాపురం. కాలవ మూసేశాక చలికాలమంతా హామిల్టన్‌లో చిన్న అపార్ట్‌మెంటు.

నాకు రెండు కార్ల గరాజుంది, ఫినిష్డ్ బేస్‌మెంటుంది. ఏం లాభం? అమ్మానాన్నల కోసం ఇచ్చే సూపర్ వీసా మీద వచ్చిన మా అత్తగారు సూట్‌కేసు మా ఇంట్లో పెట్టి, చీరలు మాత్రం సంచిలో వేసుకుని పడవకి వెళ్ళిపోయారు. "మీ ఇంట్లో అన్నీ ఉన్నాయి నాయనా. అక్కడ కాస్త గాలాడుతుంది" అన్నారు. ఆవిడ కోసమని కొత్త ఏసీ పెట్టించింది నేను!

పడవ పూజ రోజు చూడాలి మీరు. కొత్త బండి కొంటే చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కిస్తాం కదా. అత్తగారు పళ్ళెంలో నిమ్మకాయలు పట్టుకుని, "చక్రాలేవీ?" అన్నారు. అన్నయ్యగారు ఏమాత్రం తడుముకోలేదు. రేవు గోడకీ పడవకీ మధ్య నిమ్మకాయలు జారవిడిచి, మా అందరి చేతా మోకులు లాగించారు. పడవ గోడకి ఒత్తుకుని నిమ్మకాయలు చితికాయి. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను, ఆ ఉపాయం నాకు తట్టనందుకు లోపల ఉడికిపోతూ.

అంతవరకూ బాగానే ఉంది. పూజ చేసిన పూలు పారే నీళ్ళలోనే కలపాలని అత్తగారు మూరలకి మూరల చామంతి దండలు వెనకవైపు నుంచి కాలవలోకి వదిలారు. అన్నయ్యగారు ఇంజను స్టార్ట్ చేశారు. ఢభేల్మని ఒక చప్పుడు, అంతే. దండల దారమంతా పడవని నడిపే పంకాకి చుట్టుకుపోయింది. ఆయన వెనక చెక్క ఎత్తి, పంకాకి సరిగ్గా పైనున్న మూత విప్పి, నా వైపు చూశారు.

"తమ్ముడూ, నీ చేతులు సన్నం."

బోర్లా పడుకుని, భుజం దాకా చల్లటి నీళ్ళలో చెయ్యి పెట్టి, కూరల కత్తితో దారం కోశాను. అంతకుముందు ఆయన ఇంజను తాళంచెవి తీసి నా జేబులో వేశారు. "చెయ్యి లోపల పెట్టినవాడి దగ్గరే తాళం ఉండాలి" అన్నారు. ఆ మాట నాకు నచ్చింది. కానీ ఆ రోజుతో నా రాత ఖరారైపోయింది. పడవలో కింద పనంతా తమ్ముడిది.

శని, ఆదివారాలు మేం వెళ్ళడం, నేను ప్యాంటు మడిచి కిందికి దిగడం. పంకా ఇరుసు పడవలోంచి బయటికి వెళ్ళేచోట నీళ్ళు చుక్కచుక్కగా కారతాయి. ఇంజను ఆపినప్పుడల్లా అక్కడున్న ఇత్తడి మూత కొంచెం తిప్పితే గ్రీజు లోపలికి పోయి చుక్క ఆగుతుంది. అడుగున చేరిన నీళ్ళు స్పాంజితో తీయడం, బ్యాటరీలు చూడటం, పడవలు కట్టేసే మరీనాకి వెళ్ళినప్పుడు టాయిలెట్ ట్యాంకుకి పైపు తగిలించి ఖాళీ చేయించడం, అన్నీ నావే. పడవ నడుస్తున్నంతసేపూ వెనక మెట్ల మీద వెనక్కి తిరిగి కూర్చోవాలి. "తెల్లపొగ వస్తే చెప్పు, నల్లపొగ వస్తే చెప్పు తమ్ముడూ. ఏమీ రాకపోతే హాయిగా కూర్చో" అనేవారు. లోకమంతా ముందుకు చూసి అందాలు చూస్తుంటే నేను పొగ చూడాలి!

చుక్కాని మాత్రం ఆయన అందరికీ ఇచ్చేవారు. మా ఆవిడ చున్నీ నడుముకి చుట్టుకుని పడవ నడిపిన ఫొటో చుట్టాల వాట్సాప్ గ్రూపులన్నీ తిరిగింది. మా అమ్మాయి "డాడ్, పెదనాన్న లెట్ మీ డ్రైవ్!" అని గంతులేసింది. ఆఖరికి మంకీ క్యాప్ పెట్టుకున్న అత్తగారు కూడా పట్టుకున్నారు.

"ఏం అన్నయ్యగారూ, నేను పట్టుకుంటే విరుగుతాదా?" అని ఒకసారి అడిగేశాను.

"పడవ మునిగేది కిందనుంచి తమ్ముడూ, పైనుంచి కాదు. చుక్కాని ఎవరైనా పడతారు."

"ఆ ఎవరైనాలో నేను లేనా?"

ఆయన నవ్వారు. ఇవ్వలేదు. సాయంత్రం నా చేతుల గ్రీజు పోవడానికి శనగపిండి తెచ్చి, చెంబుతో తనే నీళ్ళు పోశారు. ఎప్పుడూ అంతే, ఆ నీళ్ళు పోసే పని ఇంకొకరికి వదిలేవారు కాదు. మొదటి టీ గ్లాసు కూడా నాకే వచ్చేది. ఆ మాటా చెప్పకపోతే తప్పు.

తిరుగుప్రయాణంలో కారులో మా ఆవిడ, "బావగారు ఎంత ఓపిగ్గా నేర్పిస్తారో!" అనేది.

"నీకు హైవే మీద డ్రైవింగ్ నేర్పింది ఎవరు?"

"మీరే. అరుస్తూ."

కర్మకాండలయ్యాక కాలవ మూసే రోజులు దగ్గరపడ్డాయి. ఆలోగా పడవని లాకు దాటించి, క్రేనుతో ఒడ్డుకెత్తే యార్డుకి చేర్చాలి. లేకపోతే పైపుల్లో నీళ్ళు గడ్డకట్టి పగిలిపోతాయి. ఆ పడవ అమ్మనని వదినగారు గట్టిగా చెప్పేశారు. "ఈసారి మీరే తీసుకురావాలి మరిదిగారూ" అన్నారు. నాకు సంతోషం వేసింది. ఆయన పోయిన దుఃఖం ఒక పక్క, చుక్కాని నా చేతికొస్తోందన్న సంతోషం ఒక పక్క. రెండూ నిజమే, ఏం చెయ్యను?

వదినగారు, అత్తగారు, మా ఆవిడ శాలువాలు కప్పుకుని ముందు బెంచీ మీద కూర్చున్నారు. నేను వెనక నిలబడి చుక్కాని పట్టుకున్నాను. దాన్ని ఎడమకి నెడితే పడవ కుడికి తిరుగుతుంది. మొదట రెల్లులోకి దూరి, బయటపడి, వంకర్లు పోయి, ఆఖరికి తిన్నగా వచ్చింది. అబ్బ, ఎంత బాగుందని! ఇదా ఇన్నాళ్ళూ నాకు దక్కనివ్వంది అని మళ్ళీ కడుపు మండింది. తర్వాత ముందుకి చూశాను. పొడుగాటి పడవ పైకప్పు, దాని చివర మూడు వీపులు. చుక్కాని పట్టినవాడికి వీపులే కనపడతాయని నాకేం తెలుసు? ఇన్ని వేసవులూ ఆయన ఎదురుగా ఉన్న మొహం నాదొక్కటే. అదీ మాడ్చుకున్న మొహం.

లాకు వచ్చింది. వేగం తగ్గించి, తిన్నగా లోపలికి పోనిచ్చి, గోడ పక్కన మెత్తగా ఆపాను. ఎక్కడా తగల్లేదు. గోదావరి కాలవల పక్కన పుట్టి పెరిగిన మనిషి, ఒక్కసారైనా లాకు గోడకి పడవని కొట్టకుండా తెచ్చిన పాపాన పోలేదు. బోర్ల ఊరివాణ్ణి, మొదటిసారే నేను తెచ్చాను! ఆయన్ని గెలిచానని అరవబోయాను.

ముందు బెంచీ మీద వదినగారు రెండు చేతులతో అంచు గట్టిగా పట్టుకుని, ఒళ్ళు బిగబట్టి కూర్చున్నారు. రావలసిన కుదుపు రాలేదు. మా ఆవిడ మోకు అందుకుంది, లాకు తలుపులు మూసుకున్నాయి, నీళ్ళు దిగడం మొదలైంది. వదినగారు ఇంకా అలాగే పట్టుకుని ఉన్నారు. చివరికి, చుక్కాని దగ్గర ఉన్నదెవరో చూడటానికి వెనక్కి తిరిగారు.