సొరపిందెకు చూపిన వేలు

మా పక్క పోర్షన్‌లో ఉండే స్నేహితురాలు జూనియర్ కాలేజీలో బాటనీ చెబుతుంది. పువ్వును నిలువునా కోసినట్టు బొమ్మ గీసి, ఆడభాగమేది, మగభాగమేది, పుప్పొడి ఎక్కడ పడాలి, పడకపోతే ఏమవుతుంది, అన్నీ రంగు చాక్‌పీసులతో బోర్డు మీద చూపిస్తుంది. అదే మనిషి, సొరపిందెకు వేలు చూపిస్తే రాలిపోతుందని నమ్ముతుంది. నమ్మడమంటే అలా ఇలా కాదు. మా పిల్లలిద్దరినీ ఎదురుగా నిలబెట్టి, చూపుడువేలు సగానికి మడిచి కణుపుతో పిందెను చూపించడం ఎలాగో ప్రాక్టికల్ క్లాసు తీసుకుంది. పొరపాటున వేలు నిటారుగా చూపిస్తే వెంటనే దాన్ని కొరుక్కోవాలట. అది విరుగుడు.

"ఇది ఏ పాఠంల ఉన్నదే?" అని అడిగాను.

"అన్నీ పాఠాలల్ల ఉంటయా అక్కా," అంది, తడుముకోకుండా.

గద్వాలలో మాది ఒకే ఇంట్లో రెండు పోర్షన్లు. మధ్యలో ఒక్క గోడ, ఇద్దరికీ కలిపి ఒక్క నల్లా. ఆ నల్లా దగ్గర బిందెల కోసం పోట్లాడుకుంటూనే మేము స్నేహితులమయ్యాం. ఆమె నాకంటే చిన్నది, మా పిల్లలు చిన్నమ్మా అంటారు. పోట్లాటలో కూడా నన్ను "అక్కా" అంటూనే తిట్టింది. అంత మర్యాదగా తిట్టే మనిషి మీద ఎక్కువ రోజులు కోపం నిలుపుకోవడం కష్టం.

నేను ఇటిక్యాల దగ్గర ఒక ఊళ్ళో ప్రైమరీ స్కూలు టీచర్ని. ఎండాకాలం సెలవులొస్తే టీచర్లకు హాయి అని లోకమంతా కుళ్ళుకుంటుంది. బడినిండా పిల్లల్ని అదుపులో పెట్టే నాకు ఇంట్లో ఇద్దరు చాలు, చుక్కలు చూపించడానికి. ఏడేళ్ళ కొడుకు, ఐదేళ్ళ కూతురు. పొద్దు కాస్త ఎక్కిందంటే బయట నిప్పులు చెరుగుతుంది కాబట్టి పగలంతా ఇద్దరూ కూలరు ముందే. గాలి ఎవరి వైపు ఎక్కువ వస్తుందన్నదే వాళ్ళ జీవితంలో పెద్ద సమస్య. కరెంటు పోతే ఆ సమస్య తీరి కొత్తవి మొదలవుతాయి. మా ఆయనది నాగర్‌కర్నూల్‌లో ఉద్యోగం. శనివారం సాయంత్రం బస్సు దిగుతాడు, సోమవారం పొద్దున్నే బస్సెక్కుతాడు. మధ్యలో దొరికే ఆదివారం మామిడిపండు జుర్రుకుంటూ పిల్లల్ని ఎలా పెంచాలో నాకు చెబుతాడు. "పిల్లలకు మట్టితోటి సంబంధం ఉండాలె," అన్నాడొకసారి. ఆ మహానుభావుడి బనియను మీద రసం కారితే తుడవడానికి గుడ్డ తెచ్చిచ్చింది నేను. మట్టితో సంబంధం కలపడానికి పిల్లల్ని దాబా మీదికి తోలింది కూడా నేనే.

దాబా మీద మా స్నేహితురాలి తోట ఉంది. తోట అని ఆమె అంటుంది. పాత పెయింటు డబ్బాలు, సిమెంటు సంచులు, చెవి ఊడిన ప్లాస్టిక్ టబ్బులు, వాటిలో మిర్చి, వంకాయ, గోంగూర, ఓ మూల రెండు సొరతీగలు. ఎండకు మాడకుండా తీగల పందిరి మీద తన చీరలే పరిచింది. గద్వాల చీర కోసం ఎక్కడెక్కడి నుంచో జనం వచ్చి బేరాలాడుతుంటే, మా దాబా మీద సొరతీగ దర్జాగా చీర కప్పుకుని నీడన కూర్చుంది. ఆమె ఫోన్‌లో మిద్దెతోటల వాట్సాప్ గ్రూపు ఒకటి ఉంది. అందులో ఎవరో తమ వంకాయ ఫోటో పెడితే ఈమె ఆ పూట అన్నం సరిగ్గా తినదు. బియ్యం కడిగిన నీళ్ళు, పప్పు కడిగిన నీళ్ళు ఎలాగూ పట్టుకుపోయేది. ఎండలు ముదిరి నల్లా సన్నగిల్లాక మా పిల్లలు స్నానం చేసిన నీళ్ళ మీద కూడా కన్నేసింది.

"జర సబ్బు పెట్టకక్కా, మొక్కలకు మంచిది గాదు," అని చెప్పింది. నా కూతురి మెడ మీద మట్టి ఆమెకు కనిపించలేదు.

ఒకరోజు పొద్దున మా చిన్నది నీళ్ళ మగ్గు పట్టుకుని పైకి పోయి, పందిరి కింద దూరి, ఇల్లు అదిరేలా అరిచింది.

"చిన్నమ్మా, పిందె! గిదో పిందె!"

చెయ్యి చాచి, వేలు నిటారుగా పెట్టి మరీ చూపించింది. నేర్చుకున్న పాఠమంతా ఆ సంతోషంలో గాలికి పోయింది. అంతలోనే గుర్తొచ్చి, కళ్ళలో నీళ్ళు తిరిగేంత గట్టిగా వేలు కొరుక్కుంది. రెండు మూడు రోజుల్లో ఆ పిందె పసుపుపచ్చగా మారి రాలిపోయింది.

కింద ఉండే ఇంటి ఓనరమ్మ వడియాలు ఎండబెట్టుకోవడానికి పైకి వచ్చి విషయం విని, అక్కడికక్కడే తీర్పు చెప్పేసింది. "పిల్ల ఏలు జూపింది, పిందె రాలింది. ఇంకేమున్నది అండ్ల?" ఆమె తీర్పు మీద అప్పీలు ఉండదు. కిరాయికున్నవాళ్ళకు అసలే ఉండదు.

మా స్నేహితురాలు రాలిన పిందెను అరచేతిలో పెట్టుకుని చూస్తూ కూర్చుంది. ఆమె ముఖాన్ని మా చిన్నది రెప్ప వెయ్యకుండా చూసింది. నాకు మాత్రం నవ్వొచ్చింది. ఈ ఎండకు ఒక్క తేనెటీగా దాబా ఎక్కలేదు, ఆడపువ్వు మీద పుప్పొడి పడలేదు, పిందె నిలవలేదు. నెలనెలా జీతం తీసుకుని ఆమె చెప్పే పాఠమే ఇది. అదే మాట అన్నాను.

"తెల్సక్కా," అంది. "తెల్సు గని, మనసొప్పుతలేదు."

ఆమె మనసు ఎందుకు ఒప్పడం లేదో నాకు ఆ వారంలోనే తెలిసింది. ఆమె కడుపుతో ఉంది. అంతకుముందు రెండుసార్లు కడుపు వచ్చి, రెండుసార్లూ మూడో నెల దాటకుండానే పోయింది. ఇది మూడోసారి. వేసవిలో కాలేజీవాళ్ళు లెక్చరర్లను అడ్మిషన్లు పట్టుకురమ్మని ఎండలో ఊళ్ళ మీదికి తోలుతారు. దానికి సెలవు పెట్టేసింది. వనపర్తి నుంచి వాళ్ళత్త పూటకోసారి ఫోన్ చేసి మెట్లెక్కొద్దని, బిందె ఎత్తొద్దని, వీలైతే ఊపిరి కూడా మెల్లగా తీసుకోమని చెప్పేది. విత్తనాల కంపెనీలో తిరుగుడు ఉద్యోగం చేసే భర్త, ఏ ఊళ్ళో ఉన్నా ఫోన్‌లో అవే మాటలు అప్పజెప్పేవాడు.

అలా తోట బరువు నా నెత్తిన పడింది. ఆమె మెట్ల కింద కుర్చీ వేసుకుని కూర్చునేది. పైన నేను నీళ్ళు పోసి, ఏ డబ్బాకు ఎంత పోశానో ఫోటో తీసి పంపాలి. నా పిల్లలు పుట్టినప్పుడు కూడా నేను అన్ని ఫోటోలు తియ్యలేదు. మా వాడు బ్యాటుతో మిర్చిమొక్క ఒకటి విరిచాడు. దాన్ని సంచిలో నిటారుగా గుచ్చి ఫోటో పంపాను. "మంచిగుందక్కా," అని జవాబొచ్చింది.

కడుపు సంగతి మా చిన్నదానికి ఆమే చెప్పింది, చెవిలో. "చిన్నమ్మ కడుపుల చిన్న పాప ఉన్నది, ఎవ్వరికి చెప్పకు." చెప్పొద్దన్న ఆ రహస్యాన్ని, ఎలా పసిగట్టిందో గానీ, ఓనరమ్మ సాయంత్రానికల్లా వాకిట్లో నిలబడి వీధికంతా వినిపించింది. "ఈసారన్న నిలవాలె. దినాం దేవునికి మొక్కుతున్న," అంది. మా చిన్నది నా కొంగు పట్టుకుని అక్కడే ఉంది.

మర్నాడు చిన్నది కుడిచేతి చూపుడువేలికి గుడ్డపీలిక చుట్టుకుని లేచింది. గుడ్డ మీద వాళ్ళన్న బ్యాటు పిడికి చుట్టే నల్ల టేపు. దెబ్బ తగిలిందా అంటే లేదంది. విప్పబోతే కెవ్వుమంది. అన్నం చెంచాతో తింది, అదీ ఎడమచేత్తో. శనివారం వచ్చిన తండ్రి దూరం నుంచే చూసి, "గోరుచుట్టు గావొచ్చు, నిమ్మకాయ తొడుగు," అని వైద్యం చెప్పి ఫోన్‌లో మునిగిపోయాడు. నిమ్మకాయ కూడా దగ్గరికి రానివ్వలేదు పిల్ల. సోమవారం దవాఖానకు తీసుకుపోయాను. డాక్టరు ఓపికగా టేపంతా విప్పి చూస్తే లోపల వేలు శుభ్రంగా ఉంది. ఆయన నా వైపు చూసిన చూపుకు నేను పిల్ల చెవి మెలేద్దామనుకున్నాను.

ఇంటికొచ్చి గట్టిగా అడిగితే అప్పుడు చెప్పింది.

"చిన్నమ్మ కడుపు దిక్కు పోతదేమో అని కట్టేసిన. ఏలు నా మాట ఇంటలేదమ్మా. పిందె దిక్కు గూడ అదే పోయింది."

ఐదేళ్ళ పిల్ల తన వేలికి తనే కాపలా కాస్తోంది. నేనేమో ఇన్నాళ్ళూ నవ్వుతూ తిరుగుతున్నాను. ఆ బాధంతా కోపంగా మారి పక్క పోర్షన్ మీదికి పోయింది. దవాఖానలో విప్పిన టేపు ముక్కను స్నేహితురాలి ముందు పెట్టి, నోటికొచ్చిందల్లా అన్నాను. బాటనీ చదివి ఇదా నువ్వు నేర్పింది అన్నాను, నీ డిగ్రీ పట్టా సొరతీగకు కట్టుకో అన్నాను. కడుపుతో ఉన్న మనిషి అని కూడా చూడలేదు. ఆమె ఏడవలేదు. టేపు ముక్కను చేతిలోకి తీసుకుని, "పిల్ల ఏడున్నది?" అని మాత్రం అడిగింది.

వాళ్ళత్త వద్దన్న మెట్లన్నీ ఆ సాయంత్రం ఎక్కింది, మా చిన్నదాని చెయ్యి పట్టుకుని. నేను వెనకాలే ఎక్కాను. సొరపువ్వులు పొద్దువాలే వేళకు విచ్చుకుంటాయి. పందిరంతా తెల్లగా ఉంది. కింద చిన్న పిందె ఉంటే ఆడపువ్వు, ఉత్త కాడ ఉంటే మగపువ్వు అని పిల్లకు చూపించింది. ఒక మగపువ్వు తెంపి, రేకులు తీసేసి, ఆ పుప్పొడిని పిల్ల చూపుడువేలి కొసకు రాసింది.

"ఇప్పుడు గా ఆడపువ్వు నడుమ రాయి. గట్ల, మెల్లగ. పిందె నిలవాలంటె గిదే గావాలె. నీ ఏలుతోటి పిందె రాలదు బిడ్డా, నిలుస్తది. నేను చెప్పింది తప్పు."

చిన్నప్పుడు బడికి పోయే ముందు వాళ్ళ ఊళ్ళో విత్తనాల కోసం వేసే సీడుపత్తి చేనులో పువ్వు పువ్వుకూ ఆమె చేసిన పనే అది. చిన్న వేళ్ళయితే పువ్వు నలగదని పిల్లల్నే పిలిచేవాళ్ళు పెద్దలు. పిల్లల వేళ్ళు పనికొచ్చిన చోట ఏ రైతూ వేలు చూపిస్తే రాలుతుందని అనలేదు.

మా చిన్నది పువ్వులన్నింటికీ రాసింది. పిందెలన్నింటికీ వేలు చాచి చూపించింది, మొదట భయంగా, తర్వాత కేకలేస్తూ. చివరికి ఆగి, చిన్నమ్మ వైపు తిరిగింది.

"అయితె పాపకు జూపిస్తె గూడ ఏం గాదా?"

మా బాటనీ లెక్చరరు నోరు తెరిచింది, అంతలోనే ఆమె చెయ్యి తనకు తెలియకుండానే పొట్ట మీదికి పోయింది. అది నేను చూశాను, మా చిన్నదీ చూసింది. చూసి, వేలు మడిచేసుకుంది.

"వద్దులే చిన్నమ్మా. పాప పెద్దగైనంక జూపిస్త," అంది, తనే పెద్దమనిషిలా.

అప్పుడు ఆమె కూర్చుని, ఆ మడిచిన వేలిని తన చేత్తో తెరిచి, సూది వేయించుకునే పిల్లలా కళ్ళు గట్టిగా మూసుకుని, పొట్టకు ఆనించుకుంది. చాలాసేపు వదల్లేదు.

ఆ తర్వాత రోజులు నాకు ఎలా గడిచాయో నాకే తెలుసు. వేళ్ళనూ దిష్టినీ వెక్కిరించే నాకు, ఆ పొట్ట చూస్తే గుండె దడ. ఇప్పుడు గానీ ఏమైనా అయితే, ఎన్ని పువ్వులు చూపించినా లాభం లేదు, నా కూతురు జీవితమంతా ఆ వేలితో బతకాలి. పిల్లకు ఈ బాధేమీ లేదు. రోజూ పోయి "పాప ఏం జేస్తుంది?" అని అడిగి వచ్చేది. సొరకాయలు నిలిచాయి. మొదటిది తీసుకుపోయి ఓనరమ్మకిస్తే, "గీ పిల్ల చెయ్యి మంచిదని నేను మొదటి సంది అంటనే ఉన్న," అంది ఆ మహాతల్లి.

బడులు తెరిచే ముందు స్నేహితురాలు వనపర్తిలో స్కానింగ్ చేయించుకుని వచ్చింది. ఆటో దిగి, తన ఇంటి తాళం కూడా తియ్యకుండా మా గడప మీద కూర్చుంది. మూడో నెల దాటింది, బిడ్డ బాగుంది.

"ఏళ్ళున్నయా?" అని అడిగింది మా చిన్నది.

"అన్నీ ఉన్నయి బిడ్డా."

పిల్ల ఆ వార్త వాళ్ళన్నకు చెప్పడానికి పరుగెత్తింది. అప్పుడు ఆమె చెప్పు పట్టీ విప్పుకుంటూ, తల ఎత్తకుండానే చెప్పింది.

"దాబా మీద ఏలు పెట్టించుకున్న దినమే బ్యాగు సదిరి పెట్టుకున్న అక్కా. ఏమన్న అయితె పిల్లకు కనవడకుండ వనపర్తికి పోదామని. పాప అక్కడ్నే పుట్టింది, అక్కడ్నే ఉన్నదని నువ్వు పిల్లకు చెప్పాలె అనుకున్న. పిల్ల మరిచిపోయెదాంక నేను ఈ ఇంటికి రాకపోదును."

వెనకటి రెండుసార్లూ ఆమె ఏడ్చింది నా ఒళ్ళో తల పెట్టుకునే. మూడోసారి ఏడవాల్సి వస్తే, నా కూతురి కోసం ఆ ఒడి కూడా వదులుకుందామనుకుంది. ఆమె చేతిలో తాళంచెవి తీసుకుని వాళ్ళ పోర్షన్ తెరిచాను. మంచం కింద ఉన్న బ్యాగు లాగి, ఒక్కొక్క చీరా తీసి మళ్ళీ బీరువాలో సర్దాను.