చెయ్యి తగలనివ్వని కంప్యూటర్

నిన్న మా అమ్మాయి కొత్త ల్యాప్‌టాప్ పెట్టె విప్పగానే వచ్చిన ప్లాస్టిక్ వాసనకి నాకు ఒళ్లు మండింది. హిందీ మాట్లాడే చోట, సోనారిలో నేను నాలుగో తరగతి చదివిన బడిలో కంప్యూటర్ గదికి అదే వాసన.

మొదటి రోజు సార్ ఒక్కొక్కరినీ అడిగారు, "ఘర్ మే కంప్యూటర్ హై?" ఇంట్లో ఉందన్నవాళ్లని కుర్చీల్లో కూర్చోబెట్టారు. లేదన్న మమ్మల్ని గోడవారన నిలబెట్టి, దేనికీ చెయ్యి తగలనివ్వొద్దన్నారు.

మా నాన్న ఆదిత్యపూర్‌లో ఒక ఫ్యాక్టరీలో ఇనుము చెక్కే లేత్ మెషీన్ మీద పనిచేసేవాడు. ఆయన చేతుల గ్రీజు నాకూ అంటిందేమో, సార్ అది చూశారేమో అనుకున్నాను. ఇంటికెళ్లి బట్టల సబ్బుతో చేతులు తోముకుంటుంటే అమ్మ చూసింది.

"ఏటే ఆ రుద్దుడు? తోలూడిపోద్ది!"

"నా చేతులు గందాగా, మురికిగా ఉన్నాయని సార్ కంప్యూటర్ ముట్టుకోనివ్వలేదమ్మా. ఇంట్లో ఉన్నోళ్లనే ముట్టుకోనిచ్చారు."

"ఇంట్లో నేకపోతేనే గదే నిన్ను బడికి పంపింది!"

మర్నాడు అమ్మ బడికొచ్చి, అదే మాట వచ్చీరాని హిందీలో సార్‌ని గట్టిగా అడిగింది. ఆయన నన్ను కుర్చీలో కూర్చోబెట్టారు. ఒక్క కీ నొక్కాను. తెర మీద అక్షరం పడింది. సార్ గబుక్కున నా వేలు పట్టుకుని, ఇక చాలన్నట్టు "బస్" అన్నారు.

కంప్యూటర్ పాడైతే పైవాళ్లు తనని అడుగుతారని ఆయన భయపడి ఉంటారని ఇప్పుడు తెలుసు. అయినా నా కోపం పోలేదు. గోడవారన నిలబెట్టిన పిల్లల కోసమే కదా అసలు ఆ గది!