రెండో డ్రైవు కూత

రాష్ట్రం కోసం జరిగిన సమ్మె రోజుల్లో చాలా నష్టాలకు నిందలు కరెంటు కోతల మీద పడ్డాయి. వాటిలో ఒకదాన్ని నేను వేశాను. అది అబద్ధం.

అప్పుడు నేను జనగామలో ఒక కాలేజీ ల్యాబులో టెక్నీషియన్ని. మూలన పాతకాలపు డిస్కు డ్రైవులు రెండుండేవి, ఒక్కోటి బట్టలుతికే మిషనంత. వాటిలో పెట్టే డిస్కు, గోధుమరంగు పళ్లేలు ఒకదానిపై ఒకటి పేర్చినట్టుంటుంది. గార్ల దగ్గరి తండా నుంచి ఒక పెద్దమనిషి అలాంటి డిస్కును తువ్వాలలో చుట్టుకుని వచ్చాడు. భూపాలపల్లి బొగ్గుగని ఆఫీసులో కంప్యూటర్ ఆపరేటరుగా చేసి రిటైరయ్యాడు. ఆఫీసువాళ్లు పారేస్తుంటే అడిగి తెచ్చుకున్నాడట.

"మా బిడ్డ చిన్నప్పుడు నా పక్కన కూసోని గిండ్ల టైపు కొట్టింది సారు. మా తండ మేకల పేర్లన్నీ కొట్టింది. జరమొచ్చి పోయింది. ఫోటో గూడ లేదు."

"మేకలకు పేర్లుంటయా బాపూ?"

"ఎందుకుండవు? మన పేర్లకంటె మంచియి పెట్టింది."

తిరిగే పళ్లేలకు వెంట్రుకవాసి ఎడంలో, వాటిని చదివే హెడ్లు తేలుతూ పోతాయి. మధ్యలో దుమ్ము చిక్కితే హెడ్డు పళ్లేన్ని గీరేస్తుంది. అందుకే కరెంటు తీసేసి, స్పిరిట్ ఘాటు పోయేలా కిటికీలు తెరిచి, నూగు రాలని బట్టను అందులో తడిపి రెండు డ్రైవుల హెడ్లన్నీ తుడిచాను. వేలు తగలనివ్వలేదు. ఆరేదాకా ఆగి కిటికీలు మూశాను. ముందు కాలేజీ పాత డిస్కు ఒకటి పెట్టి చూశాను. మొదటి డ్రైవు సన్నగా కూత పెట్టింది. ఆ డిస్కు గీరుకుపోయింది.

గీరిన డిస్కును ఇంకో డ్రైవులో పెడితే దాని హెడ్లూ పాడవుతాయని పిల్లలకు నేర్పేది నేనే. కానీ మర్నాడు బంద్, బస్సులుండవు. ఆయన మాటిమాటికీ గడియారం చూసుకుంటున్నాడు. తప్పు డిస్కుదో డ్రైవుదో తేల్చేద్దామని అదే డిస్కును రెండో డ్రైవులో పెట్టాను. కూత రాలేదు. హెడ్లు మళ్లీ చూడకుండానే ఆయన డిస్కు ఎక్కించాను.

కాసేపు బాగానే తిరిగింది. తర్వాత అదే కూత, ఈసారి ఆగకుండా. మెయిన్ స్విచ్ దించేశాను. గది మసకబారింది. పళ్లేలు తిరిగి తిరిగి ఆగేదాకా ఇద్దరం వింటూ నిలబడ్డాం.

"కరెంటు పోయిందా సారు?"

"పోయింది బాపూ. బొగ్గు సమ్మె గద. నడుమల పోతే డిస్కు గిట్లనే పాడయితది."

ఆయన కొడుకు గని కార్మికుడు, ఆ సమ్మెలోనే ఉన్నాడు. ఆయన కూడా రోజూ దీక్షా శిబిరంలో కూర్చునేవాడు. తువ్వాల పరిచి డిస్కును మళ్లీ చుట్టుకున్నాడు.

రాష్ట్రం వచ్చిన రోజు మహబూబాబాద్‌లో ఊరేగింపులో కనిపించాడు.

"వచ్చింది సారు," అని నవ్వాడు. "నా బిడ్డ మేకలనిచ్చి తెచ్చుకున్నం."

అప్పుడైనా చెప్పాల్సింది. నా చేతిలో ఉన్న గులాల్ ఆయన నుదుటికి రాశాను.

ఇప్పుడాయన లేడు. కుక్కర్ కూతకు ముందు సన్నగా మొదలయ్యే చప్పుడు విన్నా నేను లేచి స్టవ్ ఆపేస్తాను. ఇంట్లోవాళ్లు ఎందుకని అడగడం మానేశారు.

ఆయన కొడుకు ఇది చదువుతాడని రాస్తున్నాను. తమ్మీ, మీ సమ్మె ఆ మేకలను తీసుకోలేదు. ఆ సాయంత్రం జనగామలో కరెంటు ఉంది.