అతికించిన నాలుగు పేజీలు

బైండింగ్ ప్రేమ్‌రాజ్ అంటే నాంపల్లి స్టేషన్ వెనుక సందులో తెలియనివాళ్లు లేరు. వారమంతా ఒక మేడ మీది చిన్న గదిలో రిజిస్టర్లకు అట్టలు కడతాడు. ఆదివారం తెల్లవారుజామునే మొదటి ఆరాధనకు వెళ్లొచ్చి, అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పట్టా పరిచి పాత పుస్తకాలు అమ్ముతాడు. విశ్రాంతి దినాన ఈ వ్యాపారమేంటయ్యా అని పాస్టర్ గారు ఇరవై ఏళ్లుగా అడుగుతూనే ఉన్నారు, ఈయన తల గోక్కుంటూనే ఉన్నాడు.

ఆయనకు రెండు గొప్పలున్నాయి. తన చేతికొచ్చిన పుస్తకాన్ని ఒక్క పేజీ వదలకుండా చదివి గానీ అమ్మడు. చదివాక పనికిరావనిపించిన పేజీలను పిల్లల చేతికి పోనివ్వడు. చించుతాడా? అమ్మో, పుస్తకాన్ని చించడమే! మైదాలో పురుగు పట్టకుండా మైలుతుత్తం కలిపి కాచిన జిగురు సన్నగా పూసి, ఎదురెదురు పేజీలను అతికించి, పైన ఇటుక పెడతాడు. "పుస్తకం పుస్తకంలెక్కనే ఉంటది, పాపానికి తాళం పడ్తది," అని భార్య మాబెల్‌కు చెప్పి మురిసిపోయేవాడు. ఆమె నవ్వేది కాదు.

మొన్న జూలైలో ఒక శనివారం, రిపేరు చేయాల్సిన కుప్పలో పల్చని బొమ్మల కథ ఒకటి దొరికింది. పిల్లలెవరో సొంతంగా అచ్చేసుకున్నట్టుంది. కిరాయి గదిలో ఉండే ఇద్దరు ఆడపిల్లలు, బియ్యం ఎవరు కడగాలని వాళ్ల కొట్లాట. స్నేహితురాళ్లే అనుకుని నవ్వుతూ చదివాడు. పద్నాలుగో పేజీలో ఒకమ్మాయి రెండో అమ్మాయి అరచేతిని తన చెంపకు ఆనించుకుంది. అప్పుడు అర్థమైంది ఆయనకు. "ప్రభువా!" అని జిగురు గిన్నె లాక్కున్నాడు. ఆ పేజీలోని మాటలు గానీ, తర్వాతి మూడు పేజీలు గానీ చదవకుండానే నాలుగూ అతికించేశాడు. ఇన్నేళ్ల గొప్ప ఆ నిమిషంలో గంగలో కలిసింది, అది కూడా ఆయన గమనించలేదు.

మర్నాడు అబిడ్స్‌లో కూతురు యూనీస్ పక్కనే కూర్చుని పుస్తకాలు సర్దుతోంది. ఇరవై నాలుగేళ్ల పిల్ల, ల్యాబులో ఉద్యోగం, ఆదివారం మాత్రం తండ్రికి తోడు. కురచ జుట్టు అమ్మాయి ఒకతె వచ్చి సూటిగా ఆ పుస్తకమే తీసింది.

"అంకుల్, పేజీలు అతుక్కున్నయి."

"వానకు తడ్సింది బిడ్డా," అన్నాడు ప్రేమ్‌రాజ్. చర్చిలో పాడిన పాట ఇంకా నోట్లోనే ఉంది, అంతలోనే అబద్ధం!

"తడిస్తే ఇంకు అలుక్కపోవాలె కదా?"

ఆయన పక్కనున్న రెండు పుస్తకాలు తీసుకుని దుమ్ము దులిపాడు. యూనీస్ పుస్తకం అందుకుని అంచును వేలితో తడిమి చూసింది. చిన్నప్పటి నుంచి ఆ జిగురు కలిపిన చేయి అది.

"డాడీ, గీ పుస్తకం నీ కుప్పల నేనే పెట్టిన," అంది మెల్లగా. "నా నోటితోని చెప్పే ధైర్యం లేక. నువ్వు ప్రతి పేజీ సదువుతవు కదా అని."

ఆయన చేతిలోని పుస్తకాలు కింద పెట్టాడు.

"సినిమాలల్ల మాలాంటోళ్లను నవ్వులాటకు పెడ్తరు, లేకుంటే సంపుతరు. కొట్లాడినంక కూసోని మాట్లాడుకునుడు గీ పుస్తకంలనే చూసిన మొదటిసారి. ఈమె చంద్రిక, డాడీ." కురచ జుట్టు అమ్మాయి తల వంచుకుంది. "నువ్వు గా పేజీలే మూసినవ్."

పుస్తకాన్ని ఆయన ఒళ్లో పెట్టి ఇద్దరూ వెళ్లిపోయారు. మధ్యాహ్నం టిఫిన్ డబ్బా మూత తీయలేదాయన. కూతురు తన మీద పెట్టుకున్న నమ్మకానికి జిగురు పూశానే అనుకున్నాడు. మూడింటికే పట్టా మడిచి నాంపల్లి గదికి నడిచాడు.

జిగురు కాచే పొయ్యి మీద నీళ్లు పెట్టి, ఆవిరికి పుస్తకం పట్టాడు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు గానీ, తొక్కినవాడికి కడుక్కోక తప్పుతుందా? వేళ్లు కాలాయి. మైదా మొండిది. వెంట్రుకవాసి చొప్పున పేజీలు ఊడాయి.

చదివాడు. ఒకమ్మాయి తనకు ఇంట్లో సంబంధాలు చూస్తున్న సంగతి దాచింది. రెండోది తలుపు విసిరికొట్టలేదు, నేల మీద ఎదురుగా కూర్చుంది. "నువ్వు చెప్పలేదని కోపం. నువ్వు పోతవేమోనని భయం. రెండూ ఉన్నయి నాకు." "అడిగితే చెప్పేదాన్ని." "అడగనీకె భయమైంది." అంతే. పాపం కోసం వెతికితే ఆ పేజీల్లో మాటలే ఉన్నాయి. కోపం వస్తే మాబెల్‌తో నాలుగేసి రోజులు మాట్లాడని మనిషి, సిగ్గుతో కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

చివరి బొమ్మ దగ్గర తొందరపడ్డాడు. కాగితం చర్రున చినిగింది. ఒక మాట సగానికి పైగా పోయింది.

ఫోన్ చేస్తే ఆరింటికి యూనీస్ వచ్చి గడపలోనే నిలబడింది. తడిసి ఉబ్బిన పుస్తకం ఆమె ముందు పెట్టాడు.

"సదువకనే మూసిన, బిడ్డా. తప్పయింది. ఆఖరికి ఈ పిల్ల ఏమంటది? గీడ నేనే చింపిన."

యూనీస్ లోపలికి వచ్చి ఆ చిరుగు మీద వేలు పెట్టి చూసింది.

"నాకు సరిగ యాదికి లేదు డాడీ. చంద్రికకు తెలుసు. కింద నిలబడ్డది." తండ్రి ముఖంలోకి చూసింది. "పిలువనా?"

ప్రేమ్‌రాజ్ గోళ్ల సందుల్లోని జిగురు గీక్కున్నాడు. పొద్దున తాను అబద్ధం చెప్పిన పిల్ల వీధిలోనే ఇంతసేపు నిలబడి ఉంది.

"పిలువు," అన్నాడు లేచి. "నేను మూడు చాయ్‌లు చెప్పొస్త."

మెట్ల మీద చంద్రిక ఎదురైంది. తల ఎత్తి ఆమె ముఖం చూసే ధైర్యం ఇంకా రాలేదు గానీ, పక్కకు జరిగి ఆమెకు దారి ఇచ్చాడు.