ముందు చూసినవారిని అడగాలి

బహ్రెయిన్‌లో పన్నుల సలహాదారుగా పనిచేస్తున్నానంటే తెనాలిలో మా మేనత్త ఇప్పటికీ నవ్వుతుంది. "జీతం మీద పన్నే లేని ఊళ్లో నువ్వేం సలహా ఇస్తావే?" అంటుంది. ఇక్కడికీ వ్యాట్ వచ్చి కొన్నేళ్లయిందని, ఓ మాదిరి వ్యాపారం ఉన్న గ్యారేజీ కూడా రిటర్ను వేయాల్సిందేనని ఎన్నిసార్లు చెప్పినా చెవిటివాడి ముందు శంఖమే. పోనీలెండి, ఆవిడ నవ్వు ఆవిడది. నాకు ఈ పని, ఈ ఊరు బాగానే కుదిరాయి.

మాకో సంఘం ఉంది. పరీక్ష పెట్టి సభ్యత్వం ఇస్తుంది. కొత్త నిబంధనలొస్తే క్లాసులు పెడుతుంది, మా సందేహాలన్నీ మూటగట్టి పన్నుల శాఖకు పంపుతుంది, సభ్యుడెవరైనా క్లయింటును ముంచితే పిలిచి నిలదీస్తుంది. చందా కట్టించుకుని నెలకోసారి హోటల్లో సమోసా పెట్టే సంఘమని నేను వెక్కిరిస్తూ ఉండేదాన్ని. దాని నియమాల్లో ఒకటైతే మరీ చాదస్తంగా తోచేది. క్లయింటు వేరొకరిని వదిలి మన దగ్గరికి వస్తే, పని అందుకునే ముందు ఆ పాత సలహాదారును అడగాలి, నేనీ పని తీసుకోకూడదనడానికి కారణమేమైనా ఉందా అని. సంబంధం కుదుర్చుకునే ముందు వాకబు చేసినట్టు ఇదేం తంతు అనుకునేదాన్ని.

పోయినేడు సల్మాబాద్ నుంచి ఒక గ్యారేజీ యజమాని వచ్చాడు. జగిత్యాల వైపు మనిషి. కూలిపనికి దిగి, మెకానిక్కై, చివరికి సొంతంగా పెట్టుకున్నాడు. ఆయన లెక్కలు మొదట్నుంచీ చూసేది హైదరాబాదు పెద్దాయన ఒకరు. మీనా సల్మాన్‌ రేవులో ఒక గోదాములో గుమాస్తా. శుక్రవారం సెలవు పూట గ్యారేజీకి వచ్చి, స్నేహం కొద్దీ లెక్కలు చూసి, ఇద్దరూ కలిసి అన్నం తిన్నాక వెళ్లేవాడు. వ్యాట్ కూడా ఈయన కోసమే నేర్చుకున్నాడట. ఈయన ఆయన్ని చాచా అంటాడు.

ఇప్పుడు చాచాకు చూపు మందగించింది. ఒక గడిలో వేయాల్సింది ఇంకో గడిలో వేస్తున్నాడు. జరిమానా పడితే గ్యారేజీ ఆయన చప్పుడు చేయకుండా కట్టేశాడు.

"ఇగ మీరే చెయ్యుండ్రి మేడం. చాచాకు మాత్రం ఎర్కగావద్దు," అన్నాడు.

"మరి ఆయన చేసే పనో?"

"బిల్లుల జిరాక్సులిస్త. ఆయన చేస్కుంట ఉంటడు. పంపుడు నేను పంపుతున్న అని చెప్త. అసలుది మీరు పంపుండ్రి."

నవ్వు ఆపుకోలేకపోయాను. ఒక గ్యారేజీకి రెండు రిటర్నులు, ఒకటి ప్రభుత్వానికి, ఒకటి ప్రేమకు. నవ్వి, మా నియమం చెప్పాను. ఆయన ముఖం వాడిపోయింది.

"అడిగితె ముసలాయన పానం చిన్నగైతది. పని లేకుంటె ఆయన ఎందుకొస్తడు మేడం? ఉత్తగ బువ్వకు రమ్మంటె రాడు. శరమైతదంటడు."

ఆయన భయం లెక్కల గురించి కాదని అప్పుడు అర్థమైంది. చాచా రాకుండా పోతాడేమోనని భయం.

ఆ నెల సంఘం సమావేశంలో ఒక పెద్ద సభ్యుణ్ని పట్టుకున్నాను. మలయాళీ, నియమాలు రాసినవాళ్లలో ఒకడు. దీన్నుంచి తప్పించుకునే దారి ఉందా అని అడిగాను. లేదన్నాడు. తనను మార్చేశారని ఎవరూ మూడోమనిషి నోట వినకూడదనే ఆ నియమం పెట్టుకున్నామన్నాడు. ముందు చేసినవాడికి సభ్యత్వం ఉందా, డిగ్రీ ఉందా అని చూడొద్దన్నాడు. క్లయింటు ఒప్పుకోకపోతే పనే వదులుకోమన్నాడు. ఉత్తరమే రాయాలని ఎక్కడా లేదు, వెళ్లి మర్యాదగా అడుగు అని కూడా చెప్పాడు.

ఆ మాటే చెప్పాక గ్యారేజీ ఆయన కొన్నాళ్లు నా ఫోనెత్తలేదు. తర్వాత తనే చేశాడు. "శుక్రారం రాండ్రి మేడం. నేనుండంగనే అడుగుండ్రి."

నేను వెళ్లేసరికి జుమ్మా నమాజు అయిపోయింది. గ్యారేజీ షట్టరు సగం దించి ఉంది. వెనక గదిలో ఏసీ కింద చాచా ఇస్త్రీ బట్టల్లో కూర్చుని ఉన్నాడు. గ్యారేజీ ఆయన బల్ల మీద పేపరు పరిచి బగారన్నం, కోడికూర పెడుతున్నాడు. ఇక నాన్చితే నా నోరు పెగలదని నేరుగా అడిగేశాను.

"ఇన్నాళ్లూ ఈ గ్యారేజీకి మీరు సలహాదారుగా ఉన్నారు. ఇకమీదట లెక్కలు నన్ను చూడమంటున్నారు. మా సంఘం పద్ధతి ప్రకారం అడుగుతున్నానండీ. నేనీ పని తీసుకోకూడదనడానికి కారణమేమైనా ఉందా?"

గ్యారేజీ ఆయన గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

చాచా కళ్లద్దాలు తీశాడు. "సలహాదారు," అని తనలో తాను అనుకున్నాడు. "నన్ను ఇట్ల ఎవ్వరడగలేదు బేటీ." సర్దుకుని కూర్చున్నాడు. "కారణమేం లేదు. ఒక్క మాట యాదిపెట్టుకో. జరిమానా పడితె వీనికి ఫోన్ల చెప్పకు. పరేషానైతడు, బువ్వ ముట్టడు. ఎదురుంగ కూసొని చెప్పాలె. పోయిన జరిమానా నాకు తెల్వదనుకుంటుండు. బక్కగైనప్పుడే తెల్సింది."

ఆ తర్వాత ఏ దుకాణం బిల్లులు సరిగ్గా ఉండవో, ఎక్కడ జాగ్రత్తపడాలో తీరిగ్గా చెప్పాడు. అన్నీ పనికొచ్చే మాటలే. చెప్పడం అయ్యాక లేచాడు.

"మరి నేనొస్త బిడ్డా," అని తలుపు వైపు నడిచాడు. అన్నం వైపు చూడనైనా లేదు.

నాకు ప్రాణం ఉసూరుమంది. గ్యారేజీ ఆయన కదల్లేదు, అడ్డమూ వెళ్లలేదు.

"పని మేడంకిచ్చినవ్ చాచా," అన్నాడు. "నన్ను గూడ ఇచ్చినవా?"

చాచా తలుపు దగ్గర ఆగాడు. అంత సేపు మనిషి వీపును చూస్తూ నేనెప్పుడూ కూర్చోలేదు. తర్వాత వెనక్కి వచ్చి, గ్యారేజీ ఆయన చేతిలోంచి గరిటె తీసుకుని, ముందు ఆయన కంచంలోనే వడ్డించాడు.

"కూసో," అన్నాడు. "సల్లారుతది."