పసుపు కుప్పల వెనక

ఆర్మూర్ మార్కెట్ యార్డులో పసుపు ధరలు చెప్పేందుకు నేను నడిపే వాట్సాప్ గ్రూపు నిండిపోయింది. కొత్త రైతులకు చోటు కావాలని ఈ ఉదయం పసుపు పండించనివారిని తొలగిస్తూ పోయాను. బాల్కొండ రాజన్న పేరు దగ్గర ఆగాను.

ఆయన దుబాయిలో డ్రైవరు. మేమిద్దరం ఎన్నడూ కలుసుకోలేదు. విలేకరిగా గల్ఫ్ కార్మికుల గురించి ఏం రాసినా ముందు ఆయననే అడిగి నిర్ధారించుకుంటాను. చెప్పకుండా తీసేయడం బాగుండదని ఫోన్ చేశాను.

“చేను అమ్ముకున్నవు గదా రాజన్నా, గీ ధరలతోని నీకేం పని?”

“ధరలు ఎవలు జూస్తుండ్రు సార్. మీరు పసుపు కుప్పల ఫొటో పెడ్తరు గదా. గా కుప్పల ఎనక మా ఊరోళ్లు ఎవలన్న ఉన్నరా అని పెద్దగ జేసి జూస్త. జర ఉండనియ్యుండ్రి.”

ఉండనిచ్చాను. ఆయనకు బదులు గ్రూపులో ఉన్న నా రెండో నంబరు తీసేశాను. మధ్యాహ్నం యార్డులో ఫోన్ కొంచెం పైకెత్తి, మనుషులు కూడా వచ్చేలా ఫొటో తీసి గ్రూపులో పెట్టాను. పసుపు సరిగా కనిపించడం లేదని ఒక వ్యాపారి విసుక్కున్నాడు. ఆ కిందే రాజన్న రాశాడు: “గా ఎర్ర రుమాలాయన మా పెద్దబాపు. మస్తు బక్కగయిండు.”

మీ గ్రూపుల్లోనూ ఏమీ కొనక, ఏమీ అమ్మక ఉండిపోయినవాళ్లు ఉన్నారా? ఎందుకున్నారో ఎప్పుడైనా అడిగారా?