రెండు పేజీల సంజాయిషీ

2014 జూన్ 9, సోమవారం, ఉదయం పదకొండు గంటల పది నిమిషాలకు మా నాయిన, రవాణా కార్యాలయం నుంచి వచ్చిన కవరును చింపకుండానే నా చేతికిచ్చాడు. అమీర్‌పేటలో మేము అద్దెకుండే రెండు గదుల ఇంటికి ఏ కాగితం వచ్చినా మొదట నా చేతికే రావాలి. మా వంశంలో డిగ్రీ పూర్తిచేసిన మొదటివాణ్ని నేను. నేను చదువుతున్నంతసేపూ ఆయన నిలబడే ఉండేవాడు.

మా నాయిన ఒక ట్రావెల్స్ యజమాని దగ్గర క్యాబ్ డ్రైవరు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగులను షిఫ్టులకు తీసుకుపోవడం, తిరిగి ఇళ్ల దగ్గర దింపడం ఆయన పని. పంజగుట్ట కూడలిలో ఫోన్ మాట్లాడుతూ బండి నడిపినందుకు మూడోసారి పట్టుబడ్డాడు. లైసెన్సు ఎందుకు సస్పెండ్ చేయకూడదో వారంలోగా వచ్చి సంజాయిషీ ఇవ్వాలనీ, ఆలోగా పాత చలానాలన్నీ కట్టాలనీ ఆ నోటీసు సారాంశం. లైసెన్సు పోతే రూటు పోతుంది. ఆ రూటు మీదనే మా ఇల్లు నడిచేది. అప్పటికి నేను నేర్చుకుంటున్న సాఫ్ట్‌వేర్ కోర్సూ దాని మీదనే.

“నేనే పోయి సార్‌ను కలుస్త బిడ్డా,” అన్నాడు. “ఎక్కేటోళ్లు ఫోన్ మీద ఫోన్ కొడ్తరు, ఎత్తకపోతే కంప్లెయింట్ పెడ్తరు, ఇగ చెయ్య సార్ అంట. జర దండం పెడ్త.”

“దండాలు పెట్టుడు ఎందుకు నాయినా? కాగితానికి కాగితమే జవాబు. నేను రాస్త.”

ఆయన తల ఊపాడు. ఆ ముఖంలో అప్పుడు నాకు కనిపించింది గర్వమే.

మూడు రోజులు రాశాను. పరీక్షల్లో నాకు మార్కులు తెచ్చిపెట్టిన పద్ధతి ఒక్కటే: కారణాలన్నిటినీ విడివిడిగా, ఏదీ దాచకుండా పేర్కొనడం. కనుక ఆయన రోజుకు పద్నాలుగు గంటలు పనిచేస్తాడని రాశాను. నిద్ర చాలదని రాశాను. అంతకు కొద్దికాలం ముందు, అన్నం తింటూ ఆయన నాతో ఒక మాట అన్నాడు: “ఎదురుంగ లైట్లు పడ్తే జరసేపు ఏం కనవడ్తలేదురా.” కుటుంబం కోసం ఆయన ఎంత కష్టపడుతున్నాడో అధికారికి తెలియాలన్న ఉద్దేశంతో దాన్ని కూడా మంచి ఇంగ్లీషులో ఒక పేరాగా కూర్చాను.

టైపు చేసే షాపతను పేజీలు తిప్పి చూశాడు. “అన్నా, గిది దరఖాస్తా, జీవిత చరిత్రనా? నాలుగు లైన్లు జాలు భాయ్. సార్లు ఎవ్వరు సుత చదవరు.”

“నేను రాసినట్టే కొట్టన్నా,” అన్నాను. ఇంటికి తెచ్చిన ఆ రెండు పేజీల మీద మా నాయిన ఏముందని అడగకుండా సంతకం చేశాడు.

తరువాతి సోమవారం ముందుగా ఎర్రమంజిల్‌లో చలానాలు కట్టాం. బండి యజమానిది, చలానాలు మాత్రం నడిపినవాడివి. అది ట్రావెల్స్ వాళ్ల రివాజు. కౌంటర్‌లో ఇచ్చిన ప్రతి కాగితం మీదా కారు వెనుక భాగం ఫోటో ఉంది. మా నాయిన వాటిని ఒక్కొక్కటే వెలుగుకు ఎత్తి చూశాడు. “ఎనిమిదేండ్ల సంది నడుపుతున్న. ఎన్కనుంచి నా బండి గిట్లుంటదని ఇయ్యాలనే చూసిన,” అని నవ్వాడు. ఆ రోజు ఆయన నవ్వింది ఆ ఒక్కసారే.

రవాణా కార్యాలయంలో అధికారి మా వంతు వచ్చాక కాగితం అందుకున్నాడు. చదివాడు. రెండు పేజీలూ, తొందరపడకుండా చదివాడు.

“ఎవరు రాశారు ఇది?”

“నేనే సార్.”

“బాగా రాశావు.” పెన్ను మూత తీసి, మళ్లీ పెట్టాడు. “ఫోన్ సంగతి అయితే హెచ్చరించి పంపేవాణ్ని. కానీ ఎదురు లైట్లకు కళ్లు కనపడవని మీరే రాసిచ్చారు. ఇది చదివాక ఈయన్ని బండెక్కమని నేనెలా సంతకం పెట్టను?”

మూడు నెలల సస్పెన్షన్. ఆ తరువాత కూడా కంటి డాక్టరు సర్టిఫికెట్ తెస్తేనే లైసెన్సు.

మెట్లు దిగి మా నాయిన రోడ్డు మీదికి వచ్చాడు. మెట్రో స్తంభాల కోసం తవ్విన గుంతల పక్కన, దుమ్ములో ఆగి అన్నాడు: “ఇంట్ల అన్నం తినుకుంట చెప్పిన మాట గద బిడ్డా అది.”



రెండు కళ్లలోనూ శుక్లాలు ఉన్నాయని ప్రభుత్వాసుపత్రిలో తేలింది. ఒక కన్ను తరువాత ఒక కన్ను ఆపరేషన్ అయ్యేసరికి మూడు నెలలు కాస్తా ఐదయ్యాయి. ఆ లైట్ల ముందు ఎవరైనా రోడ్డు దాటుతూ ఉంటే ఏమయ్యేదని అప్పుడప్పుడు ఆలోచిస్తాను. అధికారి చేసింది తప్పని నేను అనలేను. ఆ మాటను మా నాయినతో మాత్రం ఎన్నడూ అనలేదు.

నవంబరులో లైసెన్సు చేతికి వచ్చింది. అదే రోజు శ్రీనగర్ కాలనీలో ట్రావెల్స్ యజమాని దగ్గరికి వెళ్లాం. ఆయన లైసెన్సు చూసి, “మంచిగైందన్నా, రేపటి సంది రా,” అన్నాడు. నేను ఫైలులోంచి కంటి సర్టిఫికెట్ కూడా తీసి ఆయన ముందు పెట్టాను. ఆయన అడగలేదు. అన్ని కాగితాలూ సక్రమంగా ఉన్నాయని చూపడం నా బాధ్యత అనుకున్నాను.

యజమాని దాన్ని చదివి, మెల్లగా నా వైపే జరిపి, మా నాయినతో అన్నాడు: “అన్నా, నీ మీద నాకు గౌరవం ఉన్నది. గని కండ్ల ఆపరేషన్ అయినోన్ని లేడీస్ ట్రిప్పుకు పెట్టిన్నని తెలుస్తే కంపెనీ నన్ను ఉంచుతదా? ఏమనుకోకు.”

మా నాయిన ఆయనకు నమస్కారం పెట్టాడు. తరువాత నా వైపు ఒకసారి చూసి, సర్టిఫికెట్‌ను నా చేతిలోంచి తీసుకుని, మడిచి తన జేబులో పెట్టుకున్నాడు.

ఆ తరువాత ఆయన సనత్‌నగర్‌లో ఒక చిన్న కార్ఖానా గేటు దగ్గర కాపలా పనిలో చేరాడు. మళ్లీ బండి నడపలేదు. ఇంటికి వచ్చే కాగితాలను వీధి చివరి జిరాక్స్ షాపతనితో చదివించుకుంటున్నాడు.